ఆమెయు అబ్రాహాము కుమార్తెయే

యౌవనస్త్రీలు, శరీరము, బరువు తగ్గించు ఆపరేషను

చదువవలసిన భాగము: లూకా 13:10–17
తోడుగా చదువదగినవి: 1 సమూయేలు 16:1–13, కీర్తన 139:13–16, 1 కొరింథీ 6:19–20, యాకోబు 3:8–10



ఈ నెల పాఠమునకు మేమెన్నుకొన్న విషయము కొందరికి క్రొత్తగా తోచవచ్చును. అయినను ఇది పట్టణపు విషయమని త్రోసివేయుటకు వీలులేదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో అధిక బరువు లేక స్థూలకాయము గలవారు దేశమంతటిమీద 24 శాతము, తెలంగాణలో 30 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతము ఉన్నారు. అనగా మన ఆంధ్ర ప్రాంతమున ముగ్గురు స్త్రీలలో ఒకరికంటె ఎక్కువే. పట్టణపు పెద్ద ఆసుపత్రులలో బరువు తగ్గించు ఆపరేషను చేయుచున్నారను మాట ఇప్పుడు పల్లెలవరకు వచ్చినది. పెండ్లి కావలసిన ఆడపిల్లలు దానినిగూర్చి తమలో తాము అనుకొనుచున్నారు. తలిదండ్రులు పొలము తాకట్టు పెట్టుదుమా అని ఆలోచించుచున్నారు. ఇట్టి ఇంటికి సంఘము ఏ మాట చెప్పవలెను? అందుకొరకే ఈ పాఠము.

1. వాక్యము ఏమి నేర్పుచున్నది?

విశ్రాంతిదినమున యేసు సమాజమందిరములో బోధించుచుండగా, 18 ఏండ్లనుండి నడుము వంగిపోయి, ఎంతమాత్రమును నిటారుగా నిలువలేని యొక స్త్రీ అచ్చట ఉండెను. ఆమె ప్రభువును పిలిచినట్లు లూకా వ్రాయలేదు. ప్రభువే ఆమెను చూచెను, ఆయనే పిలిచెను, ఆయనే చేతులుంచెను. ఆమె వెంటనే చక్కగా నిలిచి దేవుని మహిమపరచెను. సమాజమందిరపు అధికారికి మాత్రము కోపము వచ్చెను. అప్పుడు ప్రభువు, విశ్రాంతిదినమున ఎద్దునో గాడిదనో విప్పి నీళ్లకు తోలుకొనిపోవు మీరు, అబ్రాహాము కుమార్తెయైన ఈమె కట్లు విప్పబడుటను తప్పుపట్టవచ్చునా అని వారిని సిగ్గుపరచెను.

ఇచ్చట ఒక్క సంగతి నిదానముగా గమనింపవలెను. ఆమె నిటారుగా నిలిచినందున అబ్రాహాము కుమార్తె కాలేదు. వంగియున్న ఆ 18 ఏండ్లును ఆమె అబ్రాహాము కుమార్తెయే. కుమార్తె గనుకనే ఆమెను విడిపించుట తగినదని ప్రభువు వాదించెను. ముందు విలువ, తరువాత స్వస్థత. ఈ వరుసను మనము తారుమారు చేయరాదు. శరీరము చక్కబడినయెడల నీవు మా కుమార్తెవు అనునది లోకపు మాట. నీవు కుమార్తెవు గనుక నీ శరీరమును గూర్చి మాకు చింత కలదు అనునది ప్రభువు మాట. ఈ పాఠమంతయు ఈ భేదముమీదనే నిలిచియున్నది.

స్థూలకాయము దయ్యపు పని అని మేము చెప్పుటలేదు. ఆ స్త్రీ రోగము వేరు, ఇది వేరు. ఆమెయెడల ప్రభువు నడచుకొన్న విధమే మనకు మాదిరి.

2. స్థూలకాయము పాపమా, వ్యాధియా?

లావుగా నున్న పిల్లను చూచినంతనే తిండిపోతు అనుట లోకములో వాడుక. మన ప్రభువును సయితము తిండిపోతని నిందించినవారుండిరని మత్తయి 11:19లో చదువుచున్నాము. నింద ఉన్నంతమాత్రమున నేరమున్నదని తలపరాదు.

శరీరము బరువెక్కుటకు హేతువులు అనేకములు. తలిదండ్రులనుండి వచ్చు శరీరతత్త్వము ఒకటి. థైరాయిడ్ గ్రంథి మందగించుట మరియొకటి. యౌవనస్త్రీలలో అండాశయములకు సంబంధించిన పి.సి.ఓ.ఎస్. అను వ్యాధి చాలమందికి కలదు. దానివలన నెలసరి తప్పుట, ముఖమున వెండ్రుకలు వచ్చుట, బరువు పెరుగుట జరుగును. కొన్ని మందులవలనను బరువు పెరుగును. వీటికి తోడు మన జీవనవిధానము మారినది. జొన్నలు, సజ్జలు, రాగులు తిన్న ఇండ్లలో మూడు పూటలు తెల్లబియ్యమే వండుచున్నారు. నూనెయు పంచదారయు విరివిగా దొరకుచున్నవి. నడక తగ్గినది.

దీనినిబట్టి తిండివిషయమై మనకు బాధ్యత లేదని చెప్పరాదు. మన దేహము పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు కొరింథీయులకు వ్రాసెను. ఆలయమును కాపాడుకొనుట మన విధి. అయితే ఒకని బాధ్యతను వానికి జ్ఞాపకము చేయుట వేరు, వాని హృదయములోని దోషము నేనెరుగుదునని తీర్పు తీర్చుట వేరు. సన్నగానుండి ఆశాపాతకులైనవారును, లావుగానుండి మితముగా భుజించువారును ఉన్నారు. సమూయేలు ప్రవక్త సయితము ఏలీయాబు ఎత్తును రూపమును చూచి మోసపోబోగా, దేవుడు అతనిని దిద్దెనుగదా!

3. ఆపరేషను అనగా ఏమి?

తెలియనిదానిని గూర్చి భయమో భ్రమయో కలుగును. కాబట్టి క్లుప్తముగా తెలిసికొందము.

ఇది కొవ్వును కోసి తీయు ఆపరేషను కాదు. అన్నము చేరు సంచిని, అనగా జీర్ణాశయమును, చిన్నదిగా చేయు ఆపరేషను. 1954లో అమెరికాలోని మిన్నెసోటాలో వైద్యులు చిన్నప్రేవులో చాల భాగమును దాటవేసి బరువు తగ్గించు విధానమును ప్రకటించిరి. దానివలన కాలేయము మొదలగు వాటికి హాని కలిగినందున తరువాత దానిని విడిచిపెట్టిరి. 1966లో అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన డాక్టరు ఎడ్వర్డ్ మేసన్ జీర్ణాశయమును చిన్నది చేసి ప్రేవునకు కలుపు బైపాస్ పద్ధతిని ఆరంభించెను. నేడు ఎక్కువగా చేయబడునవి రెండు. మొదటిది స్లీవ్ పద్ధతి; ఇందులో జీర్ణాశయములో సుమారు నాలుగింట మూడు వంతులకు పైగా తీసివేసి, అరటిపండువంటి సన్నని గొట్టమును మిగుల్చుదురు. రెండవది బైపాస్, ఇందులో చిన్న సంచిని చేసి, దానిని చిన్నప్రేవునకు కలుపుదురు. రెంటిని పొట్టమీద చిన్న రంధ్రములు చేసి కెమెరా సహాయముతో చేయుదురు. స్థలము తగ్గుట మాత్రమే గాక, ఆకలిని పుట్టించు గ్రెలిన్ అను హార్మోను కూడ, ముఖ్యముగా స్లీవ్ పద్ధతిలో, తగ్గును.

మేలు ఎంత? అమెరికాలో 2007 మొదలు 2012 వరకు ఈ ఆపరేషను పొందిన 242 మంది పిల్లలను వైద్యులు వెంబడించి చూచిరి. వారు 13 మొదలు 19 ఏండ్ల వయస్సువారు. నాలుగింట మూడు వంతులమంది బాలికలు. 2016లో ప్రకటించిన ఫలితముల ప్రకారము మూడేండ్లకు వారి బరువు సగటున 27 శాతము తగ్గెను. షుగరు వ్యాధి గలవారిలో 95 శాతము మందికి అది అణగెను. ఇది గొప్ప మేలే. అయితే అదే మూడేండ్లలో 57 శాతము మందిలో ఇనుము నిలువలు తగ్గిపోయెను. 13 శాతము మందికి పొట్టలో మరియొక చికిత్స అవసరమాయెను. మన దేశములో స్త్రీలలో 57 శాతము మందికి రక్తహీనత కలదని పైన చెప్పిన సర్వేయే తెలుపుచున్నది. కావున మన పిల్లలవిషయములో రక్తపరీక్ష, ఇనుము, బి12, కాల్షియం, డి విటమిను మాత్రలు జీవితాంతము మరువరానివి. ఆపరేషనుతో పని ముగియదు, ఆరంభమగును.

4. ఎవరికి, ఎందుకు?

బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని ఆ ఎత్తును ఎత్తుచేతనే హెచ్చించి భాగించినయెడల వచ్చు సంఖ్యను బి.యం.ఐ. అందురు. 150 సెంటీమీటర్ల ఎత్తుగల స్త్రీ 90 కిలోలున్నయెడల ఆ సంఖ్య 40. 1991లో అమెరికా వైద్యుల మహాసభ 40కి పైబడినవారికిని, లేక 35కు పైబడి షుగరు మొదలగు వ్యాధులున్నవారికిని ఆపరేషను తగునని నిర్ణయించెను. 2022లో అంతర్జాతీయ వైద్యసంఘములు ఆ హద్దులను తగ్గించినవి. తక్కువ బరువులోనే షుగరు వచ్చు మనవంటి ఆసియా ప్రజలకు ఇంకను తక్కువ సంఖ్యను చెప్పినవి. ఎవరికి తగునో డాక్టరే పరీక్షించి చెప్పవలెను.

ఇవన్నియు వ్యాధికి సంబంధించిన కొలతలు. పెండ్లిచూపులకు సంబంధించిన కొలత వీటిలో ఒక్కటియు లేదని గమనించుడి. షుగరు, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగుట, మోకాళ్ల అరుగుదల, ఇట్టివాటితో బాధపడు పిల్ల ఆపరేషను చేయించుకొనుట విశ్వాసలోపము కాదు. రోగులకు వైద్యుడు కావలెనని ప్రభువే చెప్పెను. పౌలుతో కూడ ప్రియుడైన లూకా అను వైద్యుడుండెను. ప్రార్థన చేసిన చాలదా అని అట్టి పిల్లను అడుగువారు, తమ కన్ను మసకబారినప్పుడు శుక్లముల ఆపరేషనుకు వెళ్లుట జ్ఞాపకము చేసికొనవలెను.

అయితే, ఆరోగ్యముగా నున్న పిల్లను, రెండు సంబంధములు తప్పిపోయినవని, అబ్బాయివారు లావు అన్నారని, కత్తి క్రిందికి పంపుట వేరు మాట. మంచి అనుభవముగల చోట్ల ఈ ఆపరేషనువలన ప్రాణాపాయము వెయ్యిమందిలో ఒకరికి దగ్గరగా ఉండును. అది స్వల్పమే; గాని ఆ ఒక్కరు ఒక ఇంటి బిడ్డ. వ్యాధినుండి ప్రాణమును కాపాడుటకు అట్టి అపాయమును అంగీకరింపవచ్చును. ఇతరుల నోరు మూయించుటకు అంగీకరింపరాదు. నిర్ణయము ఆ పిల్లదై యుండవలెను. తల్లి కన్నీళ్లును, మేనత్త మాటలును ఆమెను త్రోయరాదు.

ఇంకొకటి. ఆపరేషను తరువాత 12 మొదలు 18 నెలలవరకు గర్భము ధరింపకుండుట మంచిదని డాక్టర్లు చెప్పుదురు. బరువు త్వరగా తగ్గు ఆ కాలములో తల్లికిని బిడ్డకును పోషణ చాలకపోవచ్చును. బరువు తగ్గినకొలది నెలసరి సరియై గర్భము త్వరగా నిలుచుటయు కలదు. కాబట్టి ఈ సంగతి దాచిపెట్టి పెండ్లి చేసినయెడల, తొలి ఏడే బిడ్డ కావలెనను అత్తవారి కోరికకును డాక్టరు మాటకును నడుమ ఆ పిల్ల నలిగిపోవును. సత్యము చెప్పి చేసిన పెండ్లియే నిలుచును.

5. అద్దములోని శరీరము

ప్రతి మనుష్యునికి రెండు శరీరములున్నట్లు చెప్పవచ్చును. ఒకటి ఎముకలు, మాంసము గలది. మరియొకటి తన శరీరమును గూర్చి తన మనస్సులో గీసికొన్న పటము. డాక్టరు మొదటిదానిని మార్చును. రెండవది అంత త్వరగా మారదు.

ఆపరేషను తరువాత చాలమంది యౌవనస్త్రీలు తమ శరీరమును గూర్చి మునుపటికంటె సంతోషింతురు. ముఖ్యముగా మొదటి సంవత్సరమున. ఇది నిజము, దేవునికి స్తోత్రము. కాని కొందరు 30 కిలోలు తగ్గిన పిమ్మటను అద్దములో పాత శరీరమునే చూచుచుందురు. బస్సులో ఇద్దరి నడుమ చోటున్నను కూర్చుండుటకు జంకుదురు. బజారులో పెద్ద కొలత బట్టలే తీసికొందురు. ఇశ్రాయేలీయులు ఒక్క రాత్రిలో ఐగుప్తును విడిచిరి. ఐగుప్తు వారి హృదయములనుండి పోవుటకు 40 ఏండ్లు చాలలేదు. ఇదియు అట్టిదే.

మరియు శరీరము తగ్గినంత వేగముగా చర్మము ముడుచుకొనదు. చేతులు, రొమ్ములు, పొట్ట, తొడలవద్ద చర్మము వదులై వ్రేలాడును. మూడు నాలుగు నెలలకు తలవెండ్రుకలు రాలవచ్చును. చాలమందికి మరల వచ్చును. రెండేండ్లు గడచిన పిమ్మట కొంత బరువు తిరిగి పెరుగుటయు సాధారణమే. ఇవి ముందే తెలియని పిల్ల, ఒక అవమానము పోయి వేరొక అవమానము వచ్చెనని కృంగిపోవును. అప్పుడు ఆమెకు దిగులు కలుగవచ్చును. కొందరిలో ప్రాణము తీసికొనవలెనను తలంపును రావచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. అట్టి మాట వినబడినయెడల గద్దింపవద్దు, ఒంటరిగా విడువవద్దు. డాక్టరునొద్దకు తీసికొనిపొండి. 2022లో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ అను ఉచిత ఫోను సేవ 14416 అను సంఖ్యమీద తెలుగులోను దొరకును.

సన్నబడినంతనే నా దుఃఖములన్నియు తీరునని ఎదురుచూచినవారికే ఈ దెబ్బ ఎక్కువగా తగులును. చిన్ననాటినుండి పీపా అనియు బస్తా అనియు పిలువబడిన పిల్ల మనస్సులో గాయము పొట్టలో లేదు. కత్తి జీర్ణాశయమును తగ్గింపగలదు గాని మాటవలన కలిగిన గాయమును కుట్టలేదు. దానికి వేరొక మాట కావలెను. తల్లిగర్భములో తన్ను నిర్మించిన దేవుని చేతిపని ఆశ్చర్యకరమైనదని 139వ కీర్తనకారుడు స్తుతించెను. ఆ స్తుతిలో బరువు ప్రస్తావన లేదు. ఆపరేషనుకు ముందటి శరీరమును దేవుడు నిర్మించినదే, మచ్చలతోను వదులు చర్మముతోను నున్న తరువాతి శరీరమును ఆయనదే. మన ప్రభువు పునరుత్థానశరీరమందును గాయపు గుర్తులు ఉండెనుగదా! మచ్చలున్న దేహము సిగ్గుపడవలసినది కాదు.

6. సంఘము చేయవలసినది

మొదటిది, నాలుకను కాచుకొనవలెను. ఒకే నాలుకతో దేవుని స్తుతించుచు, ఆయన పోలికె చొప్పున పుట్టినవారిని శపించుట తగదని యాకోబు వ్రాసెను. గుడి మెట్లమీద, బాగా లావైతివమ్మా అను పలకరింపు మానవలెను. ఆపరేషను తరువాత, ఇప్పుడు ఎంత అందముగానున్నావు అను మెప్పును కూడ ఆలోచించి పలుకవలెను. మునుపు నేను ఏమై యుంటిని అని ఆ పిల్ల తన్ను తాను అడుగుకొనును. దానికి బదులు, నీ ఆరోగ్యమెట్లున్నదమ్మా, నిన్ను చూచి సంతోషముగానున్నది అనుట మేలు.

రెండవది, విందులలో జాగ్రత్త. కోతపండుగనాడు, క్రిస్మసు ప్రేమవిందునాడు, ఇంకొంచెము వడ్డించుకో, మా చేతివంట తినవా అని బలవంతపెట్టుట మన ప్రేమకు గుర్తు. ఆపరేషనైన పిల్లకు ఆ ప్రేమ అపాయము. ఆమె కొద్దికొద్దిగా, నెమ్మదిగా నమిలి తినవలెను. మొదట రెండు వారములు ద్రవములు, పిమ్మట మెత్తనివి, ఒకటిన్నర రెండు నెలలకుగాని మామూలు ఆహారము పడదు. బైపాస్ అయినవారికి పరమాన్నము, కేకు వంటి తీపి తిన్నయెడల చెమటలు పట్టి కళ్లు తిరుగవచ్చును. దినమునకు కనీసము 60 గ్రాముల మాంసకృత్తులు కావలెను. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాములుండును. కాబట్టి ఆమె విస్తరిలో ముందు గ్రుడ్డు, పప్పు, చేప ఉంచుడి. అన్నము మిగిల్చెనని నొచ్చుకొనవద్దు.

మూడవది, ఉపవాసము. బరువు తగ్గుటకై భోజనము మాని, దానికి ఉపవాస ప్రార్థన అని పేరు పెట్టుట దేవుని ఎదుట నిజము కాదు. ఆపరేషనైనవారు డాక్టరునడుగక ఉపవసింపరాదు. ముఖ్యముగా నీళ్లు మానరాదు. వారు తినుచు ప్రార్థించినను దేవుడు వినును.

నాలుగవది, తోడు. పట్టణపు ఆసుపత్రికి పోవునప్పుడు పాదిరిగారి అమ్మగారో, స్త్రీల సమాజపు పెద్దమ్మ ఒకరో ఆ పిల్ల కోరినయెడల వెంట వెళ్లవచ్చును. ఆరునెలలకు, సంవత్సరమునకు జరుగు రక్తపరీక్షలు జ్ఞాపకము చేయవచ్చును. ఆమె ఆపరేషను సంగతి ఆమె చెప్పనిది ప్రార్థనాంశముగా సభలో చదువరాదు.

ఐదవది, వివాహ సంబంధములు. పిల్లను చూడబోవు మన కుమారుల తలిదండ్రులు, బరువు అడుగకముందు భక్తిని, గుణమును అడుగుదురా? లేయా కన్నులను చూచినవారు ఆమె దుఃఖమును చూడలేదు, దేవుడు చూచెను. మన సంఘపు పిల్ల సంత సరకు కాదు.

ఆ దినమున సమాజమందిరములోనుండి ఆ స్త్రీ నిటారుగా ఇంటికి వెళ్లెను. ఆమెతోకూడ వెళ్లినది నిలువైన నడుము మాత్రమే కాదు. అందరియెదుట ప్రభువు పలికిన పేరు కూడ. మన గ్రామపు యౌవనస్త్రీ ఆపరేషను చేయించుకొనినను, చేయించుకొనకపోయినను, బరువు తగ్గినను, మరల పెరిగినను, ఆ పేరును మన నోట వినవలెను.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. నడుము వంగిన స్త్రీని ప్రభువు ఎప్పుడు అబ్రాహాము కుమార్తెగా ఎంచెను, స్వస్థతకు ముందా, పిమ్మటనా? మనము ఎవరినైనను స్వస్థతవరకు వేచియుంచుచున్నామా?
2. వ్యాధి నిమిత్తము చికిత్స కోరుటకును, మనుష్యుల మెప్పు నిమిత్తము కోరుటకును భేదమును ఒక యింటివారు ఎట్లు తెలిసికొనగలరు?
3. మన సంఘవిందులలో ఏ మార్పు చేసినయెడల కొద్దిగా తినువారు సిగ్గుపడకుందురు?
4. ఈ వారము ఏ ఒక్క పలకరింపును మనము మానుకొనగలము?

ప్రార్థన

మమ్మును చేసిన తండ్రీ, మా కుమార్తెలను నీవు చూచునట్లు చూచు కన్నులు మాకిమ్ము. వైద్యుల చేతులను నడిపింపుము. అద్దమునకు భయపడువారికి నీ ముఖకాంతి చూపుము. మా నాలుకలకు కావలి యుంచుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.